కాగితం రాసే ముందు: ప్రజాహితం, ఆచారం మీ ఒప్పందాన్ని ఎక్కడ నిలబెడతాయి, ఎక్కడ పడగొడతాయి

వంద రూపాయల స్టాంపు కాగితం, ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర, కింద ఊరి పెద్దమనుషుల సంతకాలు. ఇన్ని ఉన్నా ఆ కాగితం చెల్లకపోవచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్రలు వేసి, ఫొటో దిగి రిజిస్టరు చేయించుకున్నదీ చెల్లకపోవచ్చు. స్టాంపు ప్రభుత్వ ఆదాయం కోసం. రిజిస్ట్రేషన్ ఫలానా పత్రం ఉందని నలుగురికీ తెలియడం కోసం. లోపల రాసుకున్న బేరం చట్టం ఒప్పుకునేదేనా అన్న సంగతి ఆ రెండూ తేల్చవు.

అది తేలాలంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ బేరాన్ని చట్టం వద్దందా, లేదా కోర్టు దీన్ని ప్రజాహితానికి విరుద్ధమంటుందా? తీర్పుల్లో పబ్లిక్ పాలసీ అని కనిపించేది ఇదే. రెండోది, "మాలో ఇదే ఆచారం" అనే మాట మీద కాగితం ఆధారపడి ఉంటే, ఆ ఆచారానికి చట్టం చోటు వదిలిందా? కింది వరసలో చూసుకుంటూ పోతే చాలా పత్రాల సంగతి సంతకానికి ముందే తెలిసిపోతుంది.

1. అసలు బేరాన్ని ఒక్క వాక్యంలో రాయండి

పత్రంలో ఏం రాయబోతున్నారో కాదు, నిజంగా ఏం జరుగుతోందో తెల్లకాగితం మీద రాయండి. ఎవరు, ఎవరికి, ఏమిస్తున్నారు, బదులుగా ఏం ఆశిస్తున్నారు. ఆ వాక్యాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ముందు పెట్టండి. అక్కడ అయిదు జల్లెళ్లున్నాయి: చట్టం నిషేధించినది, జరగనిస్తే ఏదో ఒక చట్టం ఉద్దేశాన్నే ఓడించేది, మోసపూరితమైనది, ఇంకొకరి ఒంటికో ఆస్తికో హాని చేసేది, కోర్టు అనైతికమనో ప్రజాహితానికి విరుద్ధమనో భావించేది. ఒక్కదానిలో చిక్కుకున్నా ఒప్పందం మొదటినుంచీ చెల్లదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. అబ్బాయికి ప్రభుత్వ ఉద్యోగం వేయిస్తానని ఒకాయన 6 లక్షలు తీసుకున్నాడు. నమ్మకం కోసం ప్రోనోటు రాసిచ్చాడు. అందులో "ఇంటి అవసరాలకు చేబదులుగా" అని ఉంది. ఉద్యోగం రాలేదు, డబ్బూ రాలేదు, తండ్రి దావా వేశాడు. మొదట అంతా సాఫీగానే నడుస్తుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 ప్రకారం ప్రోనోటుకు ప్రతిఫలం ముట్టిందనే కోర్టు అనుకుంటుంది. కథ క్రాస్‌లో, అంటే ఎదుటి వకీలు సాక్షిని ప్రశ్నించేటప్పుడు, తిరగబడుతుంది. "మీ అబ్బాయి ఆ పోస్టుకు దరఖాస్తు పెట్టింది ఏ నెలలో? ప్రోనోటు తేదీ ఎప్పుడు? ముందు ఎప్పుడైనా ఈయనకు అప్పిచ్చారా? 6 లక్షలకు వడ్డీ ఒక్క నెలైనా అడిగారా?" నాలుగో ప్రశ్నకు తండ్రి తడబడతాడు. వాట్సాప్ మెసేజీలు బయటికొస్తాయి. ఉద్యోగం కోసమిచ్చిన డబ్బని తేలితే సెక్షన్ 23 అడ్డొస్తుంది. తప్పు అని తెలిసి ఇద్దరూ దిగిన బేరంలో కోర్టు ఎవరికీ చెయ్యందించదు. చెల్లని ఒప్పందం కింద పుచ్చుకున్నది తిరిగివ్వాలనే సెక్షన్ 65 కూడా, చెల్లదని మొదటే తెలిసినవాళ్లకు పనికిరాదు.

"చేబదులు అని రాస్తే చాలు" అని చెప్పే దస్తావేజు లేఖరులు ఈ క్రాస్ చూసి ఉండరు. అలాంటి బేరంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు మిగిలే దారి సాధారణంగా క్రిమినల్ ఫిర్యాదు. ఉద్యోగం ఇప్పించే శక్తి, ఉద్దేశం మొదటినుంచీ లేవని చూపగలిగితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద మోసం కేసవుతుంది. అయితే పుచ్చుకున్నది ప్రభుత్వోద్యోగి అయితే జాగ్రత్త. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో లంచమిచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చినవాళ్లకు మినహాయింపుంది కానీ, ఇచ్చిన 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పి ఉండాలి.

2. చెల్లనితనం ఏ రకమో తేల్చుకోండి

మూడు రకాల్ని కలగాపులగం చేయడం వల్లే సగం పొరపాట్లు జరుగుతాయి. మొదటినుంచీ చెల్లనిది ఒకటి, దాన్ని ఎవరూ అమలు చేయించుకోలేరు. బాధితుడు రద్దు చేయించుకునేదాకా చెల్లుబాటయ్యేది రెండోది; బెదిరించి రాయించుకున్న విక్రయ ఒప్పందం, బాల్యవివాహం ఈ కోవలోవి. మూడోది చెల్లదు కానీ నేరం కాదు.

మూడోదానికి పందెమే పాఠం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం గెలిచిన పందెం డబ్బును దావాతో రాబట్టలేరు. కానీ ఉత్త పందెం చెల్లనిదే తప్ప చట్టవిరుద్ధం కాదని, దాని చుట్టూ చేసుకున్న పక్క ఒప్పందాలు నిలబడగలవని 1959లో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని చదివి సంక్రాంతి కోడిపందేల బాకీకి వర్తింపజేయబోతే బోర్లా పడతారు. కోళ్లకు కత్తులు కట్టి ఆడించే పందేనికి 1974 నాటి గేమింగ్ చట్టమూ, 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ అడ్డం. చట్టమే నిషేధించిన ఆటకని తెలిసి అక్కడికక్కడ పెట్టుబడి అందించినవాడు సెక్షన్ 23లోకి వస్తాడు. మూడు వందల ఏళ్ల సంప్రదాయమని ఎంత వాదించినా ఇక్కడ ఆచారానికి చోటు లేదు.

3. భూమి అయితే ముందు నిషేధిత జాబితా చూడండి

ఏపీ, తెలంగాణల్లో "22-ఎ" అన్న మాట తెలియని రైతు లేడు. రిజిస్టరు చేయకూడని ఆస్తుల జాబితాకు అది వాడుక పేరు. దాని పుట్టుక తెలిస్తే దాన్ని ఎలా ఎదుర్కోవాలో అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్ చట్టానికి రాజస్థాన్ చేసుకున్న ఒక సవరణ, ప్రజాహితానికి విరుద్ధమని ప్రభుత్వం ప్రకటించిన పత్రాలను రిజిస్టరు చేయకూడదంది. "ప్రజాహితం అనే మాట ఇంత వదులుగా ఉంటే ఎలా, దాన్ని నింపే అధికారం అంతా ప్రభుత్వానికి అప్పగిస్తారా" అని 2005లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన 22-ఎ సెక్షన్‌ను రకాలుగా విడదీసి తిరగరాసింది: ఏదైనా చట్టం బదిలీని నిషేధించిన భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు, సీలింగులో మిగులుగా తేలిన భూములు, ప్రభుత్వానికి ఆసక్తి ఉందంటూ నోటిఫై చేసినవి. చివరిదైన (ఇ) రకానికి గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి. కాబట్టి మీ సర్వే నంబరు జాబితాలో కనిపిస్తే మొదటి పని, ఏ క్లాజు కింద పెట్టారో రాతపూర్వకంగా అడగడం. క్లాజు తెలియకుండా కలెక్టరేట్ చుట్టూ తిరిగితే చెప్పులరగడం తప్ప ఫలితం ఉండదు.

జాబితాలో లేదు కదా అని ఊపిరి పీల్చుకోకండి. జాబితా రిజిస్ట్రేషన్‌ను మాత్రమే ఆపుతుంది. బదిలీని చెల్లకుండా చేసేది అసలు చట్టం. రెండు చట్టాలు ముఖ్యం.

అసైన్డ్ భూముల (బదిలీ నిషేధ) చట్టం, 1977. ప్రభుత్వం పేదలకు పంచిన భూముల సంగతిది; కోస్తాలో డి-పట్టా, రాయలసీమలో డీకేటీ, తెలంగాణలో లావణి పట్టా అనేవి ఇందులోకే వస్తాయి. ఇక్కడ "బదిలీ" అంటే అమ్మకమొక్కటే కాదు. దానం, మార్పిడి, తనఖా, లీజు, చివరికి ఆ భూమి గురించి చేసుకున్న ఒప్పందం కూడా బదిలీయే. వీలునామాకే మినహాయింపు. 99 ఏళ్ల లీజు, తిరుగులేని జీపీఏ (తన తరఫున అమ్మే అధికారం ఇంకొకరికిచ్చే పత్రం), స్వాధీనంతో కూడిన విక్రయ ఒప్పందం అంటూ తిప్పి రాసినా ఒకటే. జీపీఏ మీద జరిగే అమ్మకాలతో హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు మామూలు పట్టా భూముల విషయంలోనే చెప్పేసింది. ఏపీలో 2023 సవరణ 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు అమ్మకపు దారి తెరిచింది. మరుసటి ఏడాది కొత్త ప్రభుత్వం అలా ఆంక్షలు తొలగిన ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు నిలిపి విచారణకు పెట్టింది. అలాంటి భూమి కొనబోయేవాళ్లు ఫ్రీహోల్డ్ ఉత్తర్వు కాపీ ఒక్కటి చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు. మొదటి అసైన్‌మెంటు తేదీ, లబ్ధిదారు పేరు, ప్రస్తుతం దాని మీద ఏ ఆంక్షా లేదన్న తహసీల్దారు రాత, మూడూ ఉండాలి.

షెడ్యూల్డ్ (ఏజెన్సీ) ప్రాంతాల భూబదిలీ రెగ్యులేషన్, 1959, దానికి 1970లో వచ్చిన 1వ నంబరు సవరణ. షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనేతరులకు ఎవరు బదిలీ చేసినా చెల్లదు. ఎవరు చేసినా అన్న మాట గమనించండి, గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడు కొన్నా అంతే. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని చూపాల్సిన బరువు చేతిలో ఉన్నవాడిదే. ఇంట్లో పనిచేసే గిరిజనుడి పేర కొనడం బినామీ కిందికొస్తుంది, అదీ చెల్లదు. అమ్ముకోవాలనుకునే యజమానికి గిరిజన కొనుగోలుదారు దొరక్కపోతే ప్రభుత్వమే కొనాలని అర్జీ పెట్టుకునే దారి ఆ నిబంధనల్లోనే ఉంది.

దేవుడి మాన్యాలకు 1987 దేవాదాయ చట్టం సెక్షన్ 80. ముందస్తు మంజూరు లేని అమ్మకం చెల్లదు. అర్చకుడు తరతరాలుగా సాగు చేస్తున్నా సరే.

4. క్లాజు క్లాజుగా చదవండి

మొత్తం బేరం మంచిదై, ఒక్క క్లాజు చెడ్డదై ఉండొచ్చు. ఆ ఒక్కటీ మిగతాదాన్ని ముంచుతుందా అన్నది రాసిన తీరును బట్టి ఉంటుంది. ఒకే మొత్తానికి మంచి పని, చెడ్డ పని కలిపి రాస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 24 కింద అంతా పోతుంది. దేని డబ్బు దానికి విడిగా రాస్తే సెక్షన్ 57 కింద మంచి భాగం నిలుస్తుంది. అందుకే "ఈ మొత్తం 10 లక్షలు పై షరతులన్నిటికీ ప్రతిఫలం" అనే వాక్యం కనిపిస్తే ఆగండి, విడగొట్టి రాయించండి.

తరచు కనిపించే చెడ్డ క్లాజులివి. ఉద్యోగం మానేశాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదన్నది సెక్షన్ 27 కింద చెల్లదు. కానీ శిక్షణ ఖర్చుకు కట్టిన బాండు వేరే సంగతి. మూడేళ్లు పనిచేయాలి, లేకపోతే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతు వృత్తికి అడ్డంకీ కాదు, ప్రజాహితానికి విరుద్ధమూ కాదని 2025 మేలో సుప్రీంకోర్టు అంది. హైదరాబాదు ఐటీ కుర్రాళ్లు ఈ రెంటినీ కలిపేసి "బాండ్లేవీ చెల్లవట" అనుకుంటారు. బాండు చెల్లొచ్చు. ఎంత వసూలు చేయొచ్చన్నది సెక్షన్ 74 కింద సబబైన నష్టపరిహారం వరకే.

"ఈ విషయంలో ఎప్పుడూ కోర్టుకు వెళ్లను" అన్న రాత సెక్షన్ 28 కింద చెల్లదు. ఆర్బిట్రేషన్‌కు వెళ్దామని రాసుకోవడం చెల్లుతుంది. అధికారం ఉన్న రెండు కోర్టుల్లో ఒకదాన్నే ఎంచుకోవడమూ చెల్లుతుంది. అసలు అధికారమే లేని ఊరి కోర్టును రాసుకోవడం చెల్లదు.

భార్య మనోవర్తి జన్మకు వదులుకుంటున్నట్టు పెద్దమనుషులు రాయించే రాజీ కాగితం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. మనోవర్తి కేసులో ఒకసారి కొంత మొత్తం పుచ్చుకుని ఇక అడగనని రాజీపడిన భార్య, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద మళ్లీ అడగొచ్చని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది.

కట్నం కాగితం సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటారు కానీ సగమే తెలుసు. 1961 కట్న నిషేధ చట్టం సెక్షన్ 5 ప్రకారం ఒప్పందం చెల్లదు, కాబట్టి "ఇంకా 5 లక్షలు బాకీ" అని మగపెళ్లివారు అడగలేరు. సెక్షన్ 6 అడగనివాళ్లే ఎక్కువ. ఇచ్చేసిన కట్నం ఎవరి చేతిలో ఉన్నా అది అమ్మాయి కోసం ఉంచిందే, పెళ్లి నాటి నుంచి, పెళ్లి తర్వాత పుచ్చుకున్నదైతే పుచ్చుకున్న నాటి నుంచి, 3 నెలల్లో ఆమెకు అప్పగించాలి. చెల్లని ఒప్పందం కింద ఇచ్చింది పోయినట్టే అన్న మామూలు సూత్రం ఇక్కడ పనిచేయదు.

5. ఆచారానికి తలుపు తెరిచి ఉందో లేదో చూడండి

1868లో రామనాథపురం దత్తత కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన లండన్ ప్రివీ కౌన్సిల్, రుజువైన ఆచారం శాస్త్రగ్రంథంలోని మాటను మించుతుందంది. ఆ వాక్యాన్ని ఇప్పటికీ వకీళ్లు ఉటంకిస్తారు. 1955, 56 సంవత్సరాల్లో హిందూ చట్టాలొచ్చాక లెక్క తిరగబడింది. ఆ నాలుగు చట్టాల్లో ప్రతిదానిలోనూ ఒక అధిగమన సెక్షన్ ఉంది, ఇందులో చెప్పిన విషయాల్లో పాత ఆచారం ఇక పనిచేయదని. చట్టమే "ఆచారం ఉంటే తప్ప" అని రాసిన చోట మాత్రం తలుపు తెరిచినట్టు.

వివాహ చట్టంలో ఆ తలుపు మూడు చోట్ల ఉంది. పెళ్లి తంతు ఏదైనా ఒకవైపు ఆచారం ప్రకారం ఉంటే చాలు (సెక్షన్ 7). ఆచారం ఇచ్చే విడాకుల హక్కు పోలేదు (సెక్షన్ 29). దగ్గరి చుట్టరికపు పెళ్లికి ఆచారం అనుమతి ఉంటే అడ్డు లేదు (సెక్షన్ 5).

ఈ మూడోది తెలుగువాళ్లకు బాగా పట్టించుకోవాల్సింది. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ, మేనత్త కొడుకుని చేసుకున్న పిల్ల, చట్టం రాసిన నిషేధిత చుట్టరికపు జాబితాలోనే ఉన్నారు. తెలుగునాట మేనరికం నిలబడుతున్నది కేవలం ఆచారపు మినహాయింపు మీద. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు కూడా అదే జాబితాలో ఉన్నారు, వాళ్లకు మన ఆచారమూ అడ్డే. కాబట్టి ఆ పెళ్లి సెక్షన్ 11 కింద చెల్లదు, సెక్షన్ 18 కింద నెల వరకు సాధారణ జైలుశిక్ష కూడా పడొచ్చు.

ఇక్కడొక చిక్కు. మేనరికం చేసుకుంటున్న జంట వీసా తొందరలో ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు పెళ్లికి వెళ్తుంది. 1954 నాటి ఆ చట్టంలోనూ నిషేధిత చుట్టరికాల జాబితా ఉంది, మేనమామ, మేనత్త పిల్లలు అందులో ఉన్నారు, ఆచారపు మినహాయింపూ ఉంది. కానీ అక్కడ ఆచారమంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ఆచారమే. ఊళ్లో తరతరాలుగా ఉన్నది సరిపోదు. కాబట్టి మేనరికపు జంట ఆచారం ప్రకారం పెళ్లి చేసుకుని, దాన్ని హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవడం మేలు. వెళ్లబోయే దేశం మేనమామ పెళ్లిని ఒప్పుకుంటుందో లేదో కూడా ముందే కనుక్కోండి. బ్రిటన్‌లో మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకోవచ్చు, మేనమామను చేసుకోకూడదు.

దత్తతలో, పెళ్లయినవాళ్లను, 15 ఏళ్లు నిండినవాళ్లను తీసుకోకూడదు, ఆచారం ఉంటే తప్ప (1956 దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 10). దత్తతకు డబ్బు పుచ్చుకోవడానికి, ఇవ్వడానికి ఏ ఆచారమూ పనికిరాదు, సెక్షన్ 17 ప్రకారం అది నేరం. ఇచ్చి పుచ్చుకోవడం జరిగి తీరాలి, దత్తహోమం లేకపోయినా ఫర్వాలేదు. ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు ఇద్దరూ సంతకం చేసిన రిజిస్టర్డ్ పత్రముంటే దత్తత సరిగ్గా జరిగిందని కోర్టు మొదట అనుకుంటుంది.

వ్యాపారంలో తలుపు ఇంకా వెడల్పు. కాంట్రాక్టు చట్టం మొదటి సెక్షనే వర్తక వాడుకల్ని కాపాడింది, చట్టానికి ఎదురు కానంత వరకు. మార్కెట్ యార్డులో కమిషను, తరుగు లాంటివి కాగితంలో లేకపోయినా వాడుకగా చదువుకోవచ్చు. కాగితంలో స్పష్టంగా వేరేగా రాసుకుంటే వాడుక తప్పుకుంటుంది.

తలుపు మూసేసినవి: ఆడపిల్లకు వాటా లేదన్న ఆచారం, రెండో పెళ్లి ఆచారం, పెళ్లి వయసు తగ్గించే ఆచారం. ఇల్లరికం సంగతి ప్రత్యేకం. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లటపు అల్లుడికి కొడుకులాగా వాటా ఇచ్చే ఆచారాన్ని పాత మద్రాసు హైకోర్టు గుర్తించింది. 1956 వారసత్వ చట్టం వచ్చాక ఆ ఆచారాన్ని నమ్ముకుని అత్తింట ముప్పై ఏళ్లు సాగు చేయడం ప్రమాదం. మామగారు బతికుండగానే రిజిస్టర్డ్ దానపత్రమో వీలునామానో రాయించుకోవాలి. పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చిన పొలానికీ ఇదే మాట. స్థిరాస్తి దానానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 రిజిస్టర్డ్ పత్రం, ఇద్దరు సాక్షులు కోరుతుంది.

షెడ్యూల్డ్ తెగలకు మాత్రం ఈ హిందూ చట్టాలు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, వర్తించవు. అక్కడ పెళ్లి, విడాకులు, వారసత్వం ఇప్పటికీ తెగ ఆచారం మీదే నడుస్తాయి.

6. ఆచారాన్ని దావాలో రాయండి, తర్వాత రుజువు చేయండి

తలుపు తెరిచి ఉంటే చాలదు. ఆచారాన్ని స్పష్టంగా దావాలో చెప్పుకోవాలి, సాక్ష్యంతో నిలబెట్టాలి. ఆచార విడాకుల కేసులో ఈ రెండూ జరగలేదన్న కారణంతోనే సుప్రీంకోర్టు 2002లో విడాకుల పత్రాన్ని ఒప్పుకోలేదు. దావాలో ఆ పేరా సుమారు ఇలా ఉండాలి:

"వాది, ప్రతివాది ఫలానా కులస్థులు. ఫలానా జిల్లాలోని ఈ కులంలో భార్యాభర్తలు ఇద్దరి ఇష్టంతో, ఇరువైపుల పెద్దల ఎదుట, ఇచ్చిపుచ్చుకున్నవి తిరిగి అప్పగించి, తెగతెంపుల కాగితం రాసుకుని విడిపోయే ఆచారం తాతముత్తాతల నాటి నుంచి ఎడతెగకుండా, ఒకే తీరుగా సాగుతోంది. అలా విడిపోయినవారు మళ్లీ పెళ్లి చేసుకుంటారు, వారి సంతానాన్ని కులం అంగీకరిస్తుంది. ఇలా జరిగిన సందర్భాలు కింద జాబితాలో ఉన్నాయి."

ఇందులో ప్రతి మాటా వివాహ చట్టం సెక్షన్ 3(ఎ)కు జవాబు. చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా, ఫలానా ప్రాంతంలో ఫలానా కులంలో అని ఆ నిర్వచనం అడుగుతుంది. ఆచారం నిర్దిష్టంగా ఉండాలి, అసమంజసం కాకూడదు, ప్రజాహితానికి విరుద్ధం కాకూడదు. భర్త ఒక్కడే ఇష్టమొచ్చినప్పుడు భార్యను వదిలేయొచ్చనే ఆచారం నిజంగానే ఉన్నా, ఈ చివరి మెట్టు దగ్గర జారిపోతుంది.

సాక్ష్యంలో పేరు, ఊరు, సుమారు సంవత్సరం ఉన్న సందర్భాలు కనీసం అయిదారు పట్టుకోండి. కొన్ని ఒక తరం వెనకవీ ఉండాలి, వేరే వేరే కుటుంబాలవీ ఉండాలి. అలా విడిపోయి మళ్లీ పెళ్లాడిన మనిషినే సాక్షిగా తెస్తే అంతకన్నా బలం లేదు. గొడవ పుట్టకముందు రాసుకున్న పాత కాగితాలు వెతకండి. ఆచారాన్ని గుర్తించిన లేదా పాటించిన సందర్భాలు 2023 సాక్ష్య అధినియమం సెక్షన్ 11 కింద, తెలిసే వీలున్న పెద్దల అభిప్రాయం సెక్షన్ 42 కింద పనికొస్తాయి. 2024 జూలై 1కి ముందు మొదలైన కేసుల్లో పాత చట్టం సెక్షన్లు 13, 48.

కేసులు పోయేది ఇక్కడే. కులపెద్ద బోనెక్కి "మాలో అంతా ఇంతే" అంటాడు, ఒక్క సందర్భం చెప్పమంటే నీళ్లు నములుతాడు. లేదా చెప్పిన సందర్భాలన్నీ వాది చుట్టాలవే అవుతాయి. లేదా ఒక సాక్షి పెద్దల సమక్షం తప్పనిసరి అంటాడు, ఇంకొకడు అక్కర్లేదంటాడు, ఒకే తీరు అన్న మాట పోతుంది. కులసంఘం నిరుడు చేసిన తీర్మానం కాపీ తెచ్చి పెట్టడం ఇంకో పొరపాటు. తీర్మానంతో ఆచారం పుట్టదు, పైగా ముందు లేదు కాబట్టే తీర్మానం చేశారని ఎదుటి వకీలు అంటాడు.

7. తెగతెంపుల కాగితం చేతిలో ఉంటే

నోటరీ దగ్గర రాసుకున్న విడాకుల కాగితంతో రెండో పెళ్లికి తొందరపడొద్దు. ఆచారం రుజువు కాకపోతే మొదటి పెళ్లి ఉన్నట్టే, రెండోది చెల్లదు, న్యాయ సంహిత సెక్షన్ 82 కింద 7 ఏళ్ల వరకు జైలు. మొదటి పెళ్లి దాచి చేసుకుంటే 10 ఏళ్ల వరకు. పుట్టిన పిల్లలు మాత్రం హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 వల్ల సక్రమ సంతానమే.

ఎదుటివాళ్లు సహకరిస్తే తేలిక దారి పరస్పర అంగీకారపు విడాకులు, సెక్షన్ 13-బి. ఏడాది విడిగా ఉండి ఉండాలి. ఆ తర్వాత ఆరు నెలల ఎదురుచూపును తగిన కారణముంటే కోర్టు తగ్గించగలదని 2017లో సుప్రీంకోర్టు అంది. తెగతెంపుల కాగితం అప్పుడు విడిగా ఉంటున్న తేదీకి సాక్ష్యంగా పనికొస్తుంది. సహకరించకపోయినా, రెండో పెళ్లి ఇప్పటికే అయిపోయినా, ఫ్యామిలీ కోర్టులో వైవాహిక స్థితి ప్రకటించమని దావా వేయాలి. 6వ అంచెలో చెప్పిన రుజువంతా అక్కడ కావాలి. సాక్షులైన పెద్దలు బతికుండగానే వేయండి. ఫ్యామిలీ పెన్షన్ ఫైలు కదలనప్పుడు వేద్దామనుకునేవాళ్లకు అప్పటికి చెప్పేవాళ్లు మిగలరు.

8. చెల్లని కాగితం మీద ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే

చింపేయకండి. అది మీకే సాక్ష్యం. తర్వాతి వాయిదా సొమ్ము కట్టడం ఆపండి. చెల్లదన్న సంగతి మీకు తర్వాత తెలిసిందని చూపగలిగితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 65 కింద ఇచ్చింది తిరిగి అడగొచ్చు, కాబట్టి ఎప్పుడు, ఎలా తెలిసిందో తేదీతో లాయరు నోటీసులో రాయించండి. సబ్ రిజిస్ట్రారు తిప్పి పంపిన మెమో, జాబితాలో మీ సర్వే నంబరు కనిపించిన పేజీ ప్రింటు, తహసీల్దారు జవాబు దానికి జతచేయండి. పత్రం రద్దు కోసం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 31 కింద వేసే దావాకు, ఆ సంగతులు తెలిసిన నాటి నుంచి 3 ఏళ్ల గడువు. అందుకే తెలిసిన తేదీ రెండు వైపులా కోసే కత్తి. ముందటి తేదీ వేస్తే గడువు దాటిపోయిందంటారు, తర్వాతి తేదీ వేస్తే సాక్ష్యం అడుగుతారు. ఉన్న తేదీనే రాయండి.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు అసలు కాగితం, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), భూమి అయితే అడంగల్ లేదా పహాణీ, డబ్బు చేతులు మారిన బ్యాంకు స్టేట్‌మెంటుతో పాటు మొదటి అంచెలో తెల్లకాగితం మీద రాసుకున్న ఆ ఒక్క వాక్యమూ పట్టుకెళ్లండి. నోటితో చెప్పడానికి మొహమాటపడే అసలు బేరం అందులోనే ఉంటుంది.